ఆన్‌లైన్ సామాజిక వేదికల్లో అట్టడుగు వర్గాలకు చోటు: నిర్వాహకుల కోసం సమగ్ర మార్గదర్శి

ఖాతా తెరవడానికి ఎవరికీ అడ్డు లేదు కాబట్టి తమ వేదిక అందరిదీ అనుకోవడం నిర్వాహకులు తరచూ చేసే పొరపాటు. తలుపు తీసి ఉంచడం వేరు, లోపలికి వచ్చిన మనిషి కుదురుగా కూర్చోగలగడం వేరు. కులం వల్లనో, మతం వల్లనో, లింగం, వైకల్యం, వలస వంటి కారణాల వల్లనో సమాజం అంచుకు నెట్టిన వ్యక్తి ఒక పోస్టు పెట్టినప్పుడు జరిగేది, మిగతావారు పెట్టినప్పుడు జరిగేది ఒకటి కాదు. మిగతావారు పోస్టు రాసి తమ పనిలో పడతారు. ఈ వ్యక్తి మాత్రం రాసిన తర్వాత గంటసేపు వ్యాఖ్యలు తొలగిస్తూ, ఖాతాలను బ్లాక్ చేస్తూ, రేపు అవసరపడతాయేమోనని స్క్రీన్‌షాట్లు దాచుకుంటూ కూర్చోవాలి. అది జీతం లేని కాపలా ఉద్యోగం. ఆ కాపలాను వారి భుజాల మీద నుంచి దించి వేదిక తన భుజాన ఎత్తుకోవడం ఎలాగన్నదే ఈ మార్గదర్శి. మీరు నడిపేది కోట్లమంది ఉన్న వేదిక కావచ్చు, మూడు వందలమంది ఉన్న సమూహం కావచ్చు. ప్రతి నిర్ణయం దగ్గరా వేసుకోవలసిన ప్రశ్న మాత్రం ఒకటే: ఇది తేడా కొడితే దాన్ని సరిదిద్దే పని ఎవరి మీద పడుతుంది?

మొదటి అడుగు: వెళ్లిపోయినవారిని అడగండి

సర్వేలు సాధారణంగా ఉన్నవారినే అడుగుతాయి. ఉన్నవారంటే తట్టుకోగలిగినవారు, లేదా అసలు దెబ్బ తగలనివారు. మీకు కావలసిన సమాచారం మాత్రం వెళ్లిపోయినవారి దగ్గర, ఖాతా ఉంచుకుని కూడా రాయడం మానేసినవారి దగ్గర ఉంటుంది. అలాంటివారిని పది పదిహేనుమందిని వెతికి, ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడండి. "మా వేదిక మీకెలా అనిపించింది" అని అడిగితే మర్యాదకు ఏదో ఒకటి చెప్పి ఊరుకుంటారు. "చివరిసారి రాద్దామనుకుని మానేసిన పోస్టు ఏది, ఎందుకు మానేశారు" అని అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబుల్లో మనుషుల పేర్లు, బటన్ల పేర్లు, ఫలానా రాత్రి ఫలానా గంటకు జరిగిన సంగతులు ఉంటాయి. పని మొదలుపెట్టడానికి కావలసినవి అవే.

ఈ మాటల కోసం వారు వెచ్చించే సమయానికి డబ్బు చెల్లించండి. తమ గాయాన్ని ఉచితంగా వివరించమని అడగడం కూడా జీతం లేని పనే. ఒక్క వ్యక్తిని పిలిచి "మీ వర్గం ఏమంటుంది" అని అడగడం ఇంకా తప్పు. ఒకే వర్గంలోని మగవారికి, ఆడవారికి, చూపు లేనివారికి, పల్లెలో ఉన్నవారికి అవే అనుభవాలు ఉండవు.

రెండో అడుగు: పేరు, గుర్తింపు

ఖాతా తెరిచే ఫారం చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. ఫేస్‌బుక్ అనుభవం చూస్తే అది ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆ సంస్థ 2014 ఫిబ్రవరిలో, స్త్రీ, పురుష అనే రెండు గడులకు బదులు యాభైకి పైగా లింగ గుర్తింపులను ఎంచుకునే వీలు కల్పించి ప్రశంసలు పొందింది. అదే ఏడాది సెప్టెంబరుకల్లా, అసలు పేరు వాడటం లేదన్న ఫిర్యాదులతో వేరే లింగపు వేషధారణతో ప్రదర్శనలిచ్చే డ్రాగ్ కళాకారుల ఖాతాలు వరుసగా ఆగిపోయాయి. అమెరికాలోని మూలవాసుల పేర్లు కూడా, నిజమైనవే అయినా, దొంగ పేర్ల కింద లెక్కకు వచ్చాయి. ఆందోళనల తర్వాత అక్టోబరులో సంస్థ క్షమాపణ చెప్పింది. ఫిర్యాదు చేసేవారు కారణం చూపాలనీ, ప్రత్యేక పరిస్థితి ఉన్నవారు దాన్ని చెప్పుకోవచ్చుననీ 2015 డిసెంబరులో మార్పులు ప్రకటించింది. ఒక చేత్తో ఇచ్చింది మరో చేత్తో పోయిందన్నమాట. లింగం గడిని రూపొందించినవారికీ, పేరు నిబంధనను అమలు చేసినవారికీ మధ్య ఒక్క సమావేశం జరిగి ఉంటే బాగుండేది అనిపిస్తుంది.

మీ ఫారాన్ని ముందు పెట్టుకుని ఈ విషయాలు చూడండి. ఇంటిపేరు తప్పనిసరి చేశారా? చాలామందికి ఒక్క మాటే పేరు. మరికొందరికి ఇంటిపేరు చెప్పడమంటే తమ కులమో మతమో చెప్పుకోవడమే. ఆ గడి ఖాళీగా వదిలేసే వీలు ఉండాలి. వివక్షను తప్పించుకోవడానికో, కుటుంబ హింసకు దూరంగా ఉండటానికో మారుపేరు వాడుకునేవారికి గుర్తింపు కార్డు చూపమనడం ప్రమాదం. కార్డు అడగక తప్పని సందర్భం ఉంటే, పరిశీలన కాగానే ఆ కాపీని చెరిపేసే ఏర్పాటు ముందే చేయండి. పరిశీలనలో కార్డు మీద చూసిన పేరును, తెర మీద కనిపించే పేరును విడివిడిగా ఉంచండి.

పేరు మార్చుకున్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తి పాత పేరు ఎక్కడెక్కడ మిగిలిపోతుందో స్వయంగా పరీక్షించండి. ఒక ప్రయోగపు ఖాతా తెరిచి, పది పోస్టులు పెట్టి, నలుగురి చేత ట్యాగ్ చేయించుకుని, తర్వాత పేరు మార్చండి. ప్రొఫైల్‌లో కొత్త పేరు కనిపిస్తుంది. పాత పోస్టులకు వచ్చిన జవాబుల్లో, ఈమెయిల్ నోటిఫికేషన్‌లో, ప్రొఫైల్ లింకు చివర, సెర్చ్ గడిలో రెండక్షరాలు కొట్టగానే వచ్చే సూచనల్లో పాత పేరు తొంగిచూస్తూ ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఒక్కో చోటునూ సరిచేయడం ఇంజనీర్లకు విసుగు పుట్టించే పని. ఆ పని జరగకపోతే మాత్రం ఆ వ్యక్తి ప్రతి కొత్త పరిచయానికీ తన గతాన్ని వివరించుకోవలసి వస్తుంది.

మూడో అడుగు: నియమాలను పేరు పెట్టి రాయండి

"అందరూ మర్యాదగా మెలగాలి" అనే ఒక్క వాక్యంతో నియమావళి ముగిస్తే, అది బలవంతుడికే చుట్టమవుతుంది. తిట్టు ఒక్కటి కూడా వాడకుండా, చక్కని గ్రాంథికంలో, ఒక వర్గం మొత్తాన్ని తెలివితక్కువదని తేల్చేసే వ్యక్తి మర్యాదస్తుడిగా మిగులుతాడు. అది చదివి కడుపు మండి గట్టిగా బదులిచ్చిన వ్యక్తి ఖాతా ఆగిపోతుంది. కాబట్టి ఏ ప్రాతిపదిక మీద దాడిని సహించరో పేర్లతో సహా రాయండి: జాతి, కులం, మతం, లింగం, లైంగికత, వైకల్యం, తీవ్రమైన వ్యాధి, జన్మదేశం, వలస. కులం చాలాకాలం ఎవరి దృష్టికీ ఆనని మాటగా ఉండిపోయింది. ఇప్పుడు ఫేస్‌బుక్ మాతృసంస్థ నియమాల్లో అది జాతి, మతాల సరసన స్పష్టంగా ఉంది. రాతలో ఉన్న మాటకు ఎంత విలువో అది పోయినప్పుడే బాగా తెలుస్తుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను పాత పేరుతో, తప్పుడు లింగంతో పిలిచి వేధించడాన్ని నిషేధించే వాక్యాన్ని ట్విట్టర్ 2023 ఏప్రిల్‌లో తన నియమాల్లోంచి చప్పుడు చేయకుండా తీసేసింది. ఆ తర్వాత ఫిర్యాదు చేసేవారికి చూపించడానికి ఆ వాక్యమే లేకుండా పోయింది.

నియమం పక్కనే ఉదాహరణలు ఇవ్వండి, ముఖ్యంగా ఎటూ తేలని వాటిని. తనకు వచ్చిన తిట్టును చూపిస్తూ "నాకు వచ్చిన సందేశం చూడండి" అని పోస్టు పెట్టిన వ్యక్తినీ, ఆ తిట్టు పంపిన వ్యక్తినీ ఒకే గాటన కట్టకూడదు. ఒకప్పుడు అవమానంగా వాడిన మాటను ఆ వర్గంవారే తమ గర్వానికి గుర్తుగా మార్చుకున్న సందర్భాలు ఉన్నాయి; ఆ మాట ఎవరు, ఎవరితో అంటున్నారన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది.

అన్నిటికన్నా చిక్కు తెచ్చేది విడిగా చూస్తే ఏమీ లేనట్టు కనిపించే వ్యాఖ్య. ఒక యువతి తనకు ఉద్యోగం వచ్చిందని రాసింది. కింద ఒకరు "అభినందనలు, ఎలా వచ్చిందో మాకు తెలుసులే" అన్నారు. ఇంకొకరు నవ్వుతున్న ఎమోజీ పెట్టారు. మరొకరు "మార్కులు కూడా చెప్పండి మేడమ్" అన్నారు. ఇలాంటివి నలభై. ఏ ఒక్కటీ నియమాన్ని దాటలేదు. నలభై కలిసి ఆమె గొంతు నొక్కేశాయి. కాబట్టి పలువురు ఒకరి మీద ఎగబడటాన్ని ఒక నేరంగా నియమంలోనే చేర్చండి. పర్యవేక్షకులు వ్యాఖ్యను విడిగా కాక, ఆ పోస్టు కింద ఉన్న మొత్తం సంభాషణతో పాటు చూసి తీర్పు చెప్పాలి.

నాలుగో అడుగు: ఫిర్యాదు దారిని మీరే నడిచి చూడండి

నియమావళి ఎంత బాగున్నా సభ్యుడికి తెలిసేది ఫిర్యాదు బటనే. నేను ఒక సమూహానికి పర్యవేక్షకుడిగా ఉన్నప్పుడు, మా ఫిర్యాదు పద్ధతి సులువుగానే ఉందని చాలాకాలం నమ్మాను. ఒక రాత్రి పదిహేడు బెదిరింపు సందేశాలు వచ్చిన ఒక సభ్యురాలు, ఒక్కోదానికీ విడిగా ఫిర్యాదు చేయలేక మూడింటితో ఆపేసి పడుకున్నానని చెప్పింది. మర్నాడు నేను కూర్చుని లెక్కపెట్టాను: ఒక్క ఫిర్యాదుకు ఆరు తెరలు దాటాలి. పదిహేడింటికి నూటరెండు. ప్రతి తెర మీదా ఆ సందేశం మళ్లీ కనిపిస్తుంది. ఆమె మూడింటిదాకా ఎలా చేయగలిగిందా అని అప్పుడు అనిపించింది.

అక్కడ నుంచి నేర్చుకున్నవి ఇవి. ఒకే ఫిర్యాదులో ఎన్ని సందేశాలనైనా, ఎన్ని ఖాతాలనైనా టిక్ పెట్టి పంపగలగాలి. బాధితురాలి తరఫున ఆమె నమ్మిన స్నేహితురాలు ఆ పని చేసే వీలు ఉండాలి. ఆమె ఫోను పక్కన పెట్టి నిద్రపోగలగాలి. ఫిర్యాదు చేసినవారి పేరు అవతలి వ్యక్తికి ఏ రకంగానూ తెలియకూడదు. బ్లాక్ చేసినప్పుడు ఏం జరుగుతుందో సూటిగా రాయాలి: అతను నా పోస్టులు చూడగలడా, మా ఇద్దరికీ తెలిసినవారి పోస్టు కింద నన్ను ప్రస్తావించగలడా, కొత్త ఖాతాతో తిరిగి రాగలడా. ప్రాణభయం కలిగించే బెదిరింపులకు వేరే వరుస పెట్టి, గంటల్లో చూసే మనుషులను అక్కడ ఉంచాలి.

ఫిర్యాదుల సంఖ్యను బట్టి ఖాతాను ఆపే యంత్రాంగం మాత్రం ఎప్పుడూ పెట్టకండి. గుంపుగా ఫిర్యాదులు కొట్టి ఎదుటివారి ఖాతా మూయించడం వేధించేవారికి బాగా తెలిసిన విద్య, దానికి మొదట బలయ్యేది తక్కువ సంఖ్యలో ఉన్న వర్గమే. ఒక ఫిర్యాదుకు ఎంత బరువో, వెయ్యి ఫిర్యాదులకూ అంతే బరువు ఉండాలి. తేల్చవలసింది పోస్టులో ఉన్న విషయం.

నిర్ణయం ఏదైనా, ఇద్దరికీ కారణం చెప్పండి. పౌరహక్కుల సంస్థలు, పరిశోధకులు కలిసి 2018లో వెలువరించిన శాంటా క్లారా సూత్రాలు మూడు విషయాలు కోరాయి: ఎన్ని పోస్టులు, ఖాతాలు తొలగించారో అంకెలు ప్రకటించడం, తొలగించినవారికి కారణంతో నోటీసు ఇవ్వడం, అప్పీలు చేసుకునే అవకాశం కల్పించడం. యూరోపియన్ యూనియన్ డిజిటల్ సేవల చట్టం ఇప్పుడు ఇదే పనిని చట్టబద్ధం చేసింది. దాని ప్రకారం వేదికలు తొలగింపుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. అతి చిన్న, చిన్న సంస్థలను మినహాయిస్తే, నిర్ణయం తర్వాత కనీసం 6 నెలల వరకు ఉచితంగా అభ్యంతరం చెప్పుకునే ఏర్పాటు కూడా ఉండాలి. చట్టం మీకు వర్తించకపోయినా ఆ పద్ధతి పాటించడానికి అడ్డేమీ లేదు.

ఐదో అడుగు: భాష తెలిసిన మనుషులు, భాష తెలియని యంత్రాలు

మయన్మార్‌లో జరిగింది ప్రతి నిర్వాహకుడూ తెలుసుకోవలసిన సంగతి. అక్కడ ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యాలపై విద్వేషం వ్యాపించడంలో సామాజిక మాధ్యమాల పాత్ర గణనీయమైనదని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2018లో తేల్చింది. 2015 తొలినాళ్లలో ఫేస్‌బుక్‌లో అభ్యంతరకర పోస్టులను పరిశీలించేవారిలో బర్మీస్ తెలిసినవారు ఇద్దరేనని రాయిటర్స్ 2018 ఆగస్టులో రాసింది. దీనికి తోడు ఆ దేశంలో అత్యధికులు, అక్షరాలకు ప్రపంచమంతా వాడే సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌కు బదులు జాగీ అనే ఫాంటు పద్ధతిలో టైపు చేసేవారు. ఒకే వాక్యం కంప్యూటర్‌కు రెండు రకాలుగా అందేది. అక్షరమే సరిగా అందని యంత్రం ద్వేషాన్ని ఏం గుర్తుపడుతుంది?

మీ సభ్యులు ఏ భాషల్లో, ఏ లిపుల్లో రాస్తున్నారో ముందు లెక్క తీయండి. తమ భాషను రోమన్ అక్షరాల్లో రాసేవారు, తిట్టులో ఒక అక్షరం బదులు అంకె వేసేవారు, వర్గం పేరు బదులు ఏదో జంతువు బొమ్మ పెట్టేవారు ఉంటారు. ఈ సంకేతాలు నెలకో రకంగా మారతాయి కాబట్టి పదాల జాబితా ఒకసారి తయారు చేసి వదిలేస్తే చాలదు. ఆ భాషలో పుట్టి పెరిగినవారు, వీలైతే ఆ తిట్లు స్వయంగా పడినవారు, ఆ జాబితాను ఎప్పటికప్పుడు చూడాలి.

యంత్రపు వడపోతకు మరో జబ్బు కూడా ఉంది. ఆఫ్రికన్ అమెరికన్ ఇంగ్లీషు మాండలికంలో రాసిన ట్వీట్లను అభ్యంతరకరమైనవిగా ముద్రవేసే అవకాశం మిగతావాటి కన్నా రెండింతల వరకు ఉందని 2019లో ఒక పరిశోధన తేల్చింది. యంత్రానికి నేర్పిన ఉదాహరణల్లో ఏది అభ్యంతరకరమో ముద్రవేసినవారికి ఆ మాండలికం తెలియదు. వారి తెలియనితనం యంత్రంలోకి ఎక్కింది. కాబట్టి వడపోతను పోస్టు తొలగించడానికి కాక, మనిషి చూడవలసిన వరుసలోకి పంపడానికి వాడండి. అది పట్టుకున్న పోస్టుల్లో నెలకు రెండు వందలు తీసి, ఏ మాండలికం, ఏ వర్గం ఎక్కువగా చిక్కుకుంటోందో చేత్తో లెక్కపెట్టండి.

ఆరో అడుగు: ముందుగా పెట్టి ఉంచే సెట్టింగులు

చాలామంది సెట్టింగుల జోలికి పోరు. మీరు ముందుగా ఏది పెడితే అదే వారి జీవితం. 2012లో వార్తలకెక్కిన ఒక సంఘటన ఈ విషయాన్ని బాగా చెబుతుంది. ఒక విశ్వవిద్యాలయంలో స్వలింగ ఆకర్షణ గలవారి గాన బృందం అధ్యక్షుడు, ఇద్దరు కొత్త సభ్యులను ఫేస్‌బుక్ గ్రూపులో చేర్చాడు. వారి అనుమతి అవసరం లేకుండానే చేరిక పూర్తయింది, ఆ వార్త వారి తండ్రుల తెర మీదికి వెళ్లింది. ఆ విద్యార్థులు తమ ఖాతాల్లో గోప్యత సెట్టింగులు జాగ్రత్తగానే పెట్టుకున్నారు. గ్రూపును బహిరంగంగా ఉంచింది మరొకరు కావడం వల్ల వారి జాగ్రత్త ఏ పనికీ రాలేదు. ఎవరూ చెడు తలపెట్టలేదు, ఎవరి ఖాతానూ ఎవరూ దొంగిలించలేదు. వేదిక తను రూపొందించినట్టే పనిచేసింది.

కాబట్టి గ్రూపులో చేర్చడం, ట్యాగ్ చేయడం సభ్యుడు ఒప్పుకున్న తర్వాతే జరగాలి. ఫోన్‌బుక్ ఆధారంగా "మీకు తెలిసినవారు" అని సూచించే సౌకర్యం ముందుగా ఆపి ఉంచాలి. వదిలి వచ్చిన ఇంటివారికీ, ఉద్యోగం ఇచ్చినవారికీ ఆ ఖాతాను చూపించేది అదే. ఫొటోల్లో దాగి ఉండే చోటు వివరాలను ఎక్కించేటప్పుడే చెరిపేయాలి. ముక్కూమొహం తెలియనివారి నుంచి వచ్చే సందేశాలు వేరే అరలో పడాలి, అందులోని బొమ్మలు నొక్కితే గాని తెరుచుకోకూడదు.

పోస్టుకు ఎవరు జవాబివ్వవచ్చో రాసినవారే నిర్ణయించుకునే వీలును ట్విట్టర్ 2020 ఆగస్టులో అందరికీ ఇచ్చింది. ఒకరి పోస్టును తన అనుచరుల ముందు పెట్టి ఎగతాళి చేయడానికి వాడే కోట్ షేర్‌ను మాస్టొడాన్ అనే సామాజిక వేదిక ఏళ్ల తరబడి చేర్చలేదు; 2025లో చేర్చినప్పుడు కూడా తమ పోస్టును ఎవరు కోట్ చేయవచ్చన్న నిర్ణయాన్ని రాసినవారి చేతికే ఇచ్చింది. సంభాషణకు ఇవి అడ్డుగోడలని వాదించేవారు ఉన్నారు. గుంపు దాడికి గురైనవారితో పది నిమిషాలు మాట్లాడాక ఆ వాదన నా దగ్గర నిలవలేదు.

ఏడో అడుగు: చూపు, వినికిడి, కదలిక

2020 జూన్‌లో ట్విట్టర్ గొంతు ట్వీట్లను మొదలుపెట్టినప్పుడు వాటికి అక్షర రూపం లేదు. వినికిడి లేనివారు ఆ రోజే నిలదీశారు. ఆ సౌకర్యానికి క్యాప్షన్లు రావడానికి ఏడాదికి పైగా పట్టింది. కొత్త సౌకర్యం విడుదల చేసే ముందు తనిఖీ జాబితాలో ఒక్క గీత ఉంటే ఈ మాట పడేది కాదు.

వెబ్ సౌలభ్యానికి డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణాలు ఉన్నాయి, 2.2 సంచిక 2023 అక్టోబరులో వచ్చింది. వాటి ఏఏ స్థాయి ప్రకారం మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలి. మౌస్ లేకుండా, కీబోర్డుతోనే మీ వేదిక అంతా తిరగండి; ఫోన్‌లో, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వేసుకుని కళ్లు మూసుకుని ఒక ఫిర్యాదు దాఖలు చేయండి. బొమ్మ ఎక్కించేటప్పుడు దాని వర్ణన రాసే గడి మెనూల్లో దాగకుండా కళ్లెదుటే ఉండాలి. అలంకారపు యూనికోడ్ అక్షరాలతో రాసిన పేర్లను స్క్రీన్ రీడర్ ఒక్కో గణిత చిహ్నంగా చదువుతుంది, లేదా మింగేస్తుంది. వాటిని మామూలు అక్షరాలుగా మార్చి వినిపించే ఏర్పాటు వేదికే చేయాలి.

ఎనిమిదో అడుగు: కాపలా కాసేవారు

భారాన్ని సభ్యుల నుంచి దించితే అది పర్యవేక్షకుల మీద పడుతుంది. రోజంతా హింసాత్మక దృశ్యాలు చూసి మానసికంగా దెబ్బతిన్న పర్యవేక్షకుల దావాలో ఫేస్‌బుక్ 2020 మేలో 5.2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. చిన్న సమూహాల్లో ఈ పనిని స్వచ్ఛందంగా చేసేవారు ఎక్కువగా వేధింపు రుచి చూసినవారే కావడం మరో చేదు సంగతి. వంతులు వేయండి, బొమ్మలను మసకగా, నలుపు తెలుపుల్లో చూపించే ఏర్పాటు చేయండి, తన వర్గాన్ని తిట్టే ఫిర్యాదును చూడనని పర్యవేక్షకుడు పక్కకు పెట్టే హక్కు ఇవ్వండి. వీలైతే జీతం ఇవ్వండి.

తొమ్మిదో అడుగు: ఏం లెక్కపెట్టాలి

ఫిర్యాదులు తగ్గాయంటే వేధింపు తగ్గిందని కాదు. ఫిర్యాదు చేసి లాభం లేదని జనం ఊరుకున్నా ఆ అంకె అలాగే తగ్గుతుంది. నిజానికి మంచి ఫిర్యాదు పద్ధతి పెట్టిన మొదటి నెలల్లో సంఖ్య పెరగాలి. దానికి బదులు వీటిని గమనించండి: మొదటి ఫిర్యాదు చేసిన సభ్యులు మూడు నెలల తర్వాత కూడా రాస్తున్నారా, ఫిర్యాదుకు జవాబు రావడానికి ఏ భాషలో ఎంత సమయం పడుతోంది, అప్పీలులో తారుమారైన నిర్ణయాలు ఏ వర్గానివి ఎక్కువ. సభ్యుల కులమో మతమో అడిగి నమోదు చేసుకోకండి. ఆ పట్టిక బయటపడితే జరిగే నష్టం మీరు ఊహించగలరు. తమ ఇష్టంతో, పేరు లేకుండా నింపే సర్వే చాలు.

ఆరు నెలల తర్వాత మొదటి అడుగులో మాట్లాడిన ఆ పది పదిహేనుమంది దగ్గరికే మళ్లీ వెళ్లండి. వారు చెప్పినవాటిలో ఏది చేశారో, ఏది చేయలేదో, చేయకపోవడానికి కారణమేమిటో రాసి ముందుగా పంపండి. వారిలో కొందరు తిరిగి రారు, రమ్మని ఒత్తిడి చేయకండి. వచ్చినవారిని మాత్రం, అప్పుడు రాయకుండా ఆపేసిన ఆ పోస్టును ఇప్పుడు రాస్తారా అని అడగండి.